వరదలకీ ట్రెక్కుకీ కలిపి ఫ్రీజ్ డ్రై భోజనం కొనొచ్చా? చెన్నై వాళ్లు చెప్పండి

మడిపాక్కం_సుధ
ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు ఇంట్లో నాలుగైదు రోజులకి సరిపడా తిండి పెట్టుకోవాలనుకుంటున్నా. మాది రెండో అంతస్తు, బీపీ ఉన్న అత్తయ్యగారు, ఒకటో క్లాసు పాప, మేమిద్దరం. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను అప్పుడు కరెంటు లేదు, లిఫ్టు లేదు, పాల ప్యాకెట్ కోసం మావారు మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లారు. వచ్చే మే నెలలో ఆయన ఉత్తరాఖండ్ ట్రెక్కుకి పోతున్నారు, అందుకని ఫ్రీజ్ డ్రై భోజనం ప్యాకెట్లు ఒకేసారి ఎక్కువ తెప్పించి సగం ఇంటికి, సగం కొండకి వాడదాం అంటున్నారు. నాకేమో అంత డబ్బు పెట్టడం నచ్చట్లేదు, మీరేమంటారు?

కొండదారి
కొనండి సుధగారూ, మీవారు చెప్పిందే కరెక్ట్. వండిన అన్నాన్ని గడ్డకట్టించి వాక్యూమ్‌లో పెడితే అందులోని మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది, నీళ్లు దాదాపు మొత్తం పోతాయి కానీ రుచీ ఆకారం అలాగే ఉంటాయి. వంద గ్రాముల ప్యాకెట్‌లో వేడినీళ్లు పోసి పది నిమిషాలు మూత పెడితే కడుపునిండా భోజనం. కొండ మీద దీని విలువ తెలుస్తుంది, ప్రతి మూడొందల మీటర్ల ఎత్తుకీ నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, 4000 మీటర్ల దగ్గర 87 డిగ్రీలకే మరుగుతాయి, అక్కడ కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకబెట్టి చూడండి, గ్యాస్ అయిపోతుంది గానీ పప్పు మెదగదు. ఇది ముందే ఉడికింది కాబట్టి నానితే చాలు.

నెల్లూరోడు_వేళచ్చేరి
అన్నా కొండ సంగతి ఒప్పుకుంటా, వరద సంగతి మాత్రం నువ్వు చెప్పినట్టు కాదు. 2015 డిసెంబర్ 1న తాంబరంలో ఒక్కరోజే 49 సెంటీమీటర్లు కురిసింది, ఆ వారం నేను ఇక్కడే ఉన్నా. తిండికంటే ముందు అయిపోయింది నీళ్లు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, పైట్యాంకు ఖాళీ, కింద సంపులోకి వీధి మురుగంతా వచ్చి చేరింది, క్యాన్ వేసే అబ్బాయి రాలేడు. అట్టాంటప్పుడు ప్రతి పూటా మనిషికి మూడొందల మిల్లీలీటర్ల మంచినీళ్లు, అదీ మరిగించి పోయాల్సిన తిండి ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం? అటుకులు, బొరుగులు, పుట్నాలు, పప్పుండలు, ఖర్జూరం, ఇవి చాలు. బరువు లెక్క చూసినా వేరుశనగ వంద గ్రాములకి 560 క్యాలరీల పైన ఉంది, ఫ్రీజ్ డ్రై పులావు అంత ఇవ్వదు. ఆ ఒక్క ప్యాకెట్ డబ్బుతో ఇంటిల్లిపాదికీ ఒక పూట గడుస్తుంది.

కొండదారి
నీళ్ల లెక్క సగమే చెప్పావు తమ్ముడూ. అన్నం వండితే బియ్యం కడగాలి, వార్చాలి, గిన్నెలు తోమాలి, దానికెన్ని నీళ్లు? ప్యాకెట్‌లో పోసుకుని ప్యాకెట్‌లోనే తినేస్తే కడిగేది ఒక్క స్పూను. చన్నీళ్లు పోసినా నానుతుంది, టైమ్ రెట్టింపు పడుతుందంతే. ఆరేళ్ల పాపకి మూడు రోజులు బొరుగులూ బెల్లమూ పెడితే తింటుందా, వేడివేడి పప్పన్నం లాంటిది ఒక్క పూటైనా దొరికితే పిల్లలు కుదుటపడతారు, అది చిన్న విషయం కాదు.

నెల్లూరోడు_వేళచ్చేరి
పిల్లల మాట నిజమే. కానీ అటుకులు గుప్పెడు నీళ్లకే మెత్తబడతాయి, పేపర్ ప్లేటులో తినొచ్చు, కందిపొడి ఉప్పు చల్లుకుంటే పూట గడుస్తుంది. ఇంకోటి, చన్నీళ్లతో నానబెడితే ఆ నీళ్లు శుద్ధమైనవే అయ్యుండాలి, వరదలో ఇదే పెద్ద చిక్కు.

పెరంబూర్_పార్వతి
ఇద్దరూ మధ్యలో ఉన్నదాన్ని వదిలేశారు నాయనా. రిటార్ట్ ప్యాకెట్లు, అదే కిరాణా కొట్టులో దొరికే రెడీ టు ఈట్ పొంగల్, రాజ్మా, బిసిబేళెబాత్. ప్యాకెట్ మూసేశాక 121 డిగ్రీల ఆవిరిలో ప్రెజర్‌తో ఉడికిస్తారు కాబట్టి ఫ్రిజ్ అక్కర్లేదు, మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధనాలయం సైనికుల కోసం ఈ పద్ధతి మీద చాలా పని చేసింది. చింపి అలాగే తినేయొచ్చు, నీళ్లూ వద్దు మంటా వద్దు. మూడొందల గ్రాముల బరువు కొండెక్కేవాళ్లకి భారం, బీరువాలో కూర్చునేదానికి బరువుతో పనేముంది? సుధా, నువ్వు అత్తయ్యగారికి బీపీ అన్నావు కదమ్మా, ఏ ప్యాకెట్ కొన్నా వెనక్కి తిప్పి సోడియం చదువు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల లోపు, కొన్ని ప్యాకెట్లలో సగం ఒక్క పూటకే వచ్చేస్తుంది. ఆవిడకి ఉప్పు వేయని రాగి సత్తుపిండి, పాలపొడి విడిగా పెట్టు, మాత్రలు వారానికి సరిపడా పెట్టు.

మడిపాక్కం_సుధ
పార్వతక్కా సోడియం సంగతి నాకు తట్టనేలేదు, చాలా థాంక్స్. ఫ్రీజ్ డ్రై 25 ఏళ్లు పాడవదని మావారు అంటున్నారు, ఒకసారి కొంటే మళ్లీ కొనక్కర్లేదు కదా అని. అది నిజమేనా?

కొండదారి
ఆ పాతికేళ్ల మాట కొన్ని అమెరికా కంపెనీలది, ఆక్సిజన్ పీల్చే పొట్లం వేసి సీల్ చేసిన డబ్బాలకి, చల్లటి పొడి చోట పెడితే. మన దగ్గర ప్యాకెట్ మీద అచ్చేసిన తేదీ ఏదుంటే అదే లెక్క. వంటింటి అటక మీద చెన్నై ఎండలో పెడితే రుచి తొందరగా దిగిపోతుంది, ఒకసారి చింపారంటే మన గాలిలో తేమకి ఆ రోజే మెత్తబడిపోతుంది. కాబట్టి పార్వతిగారు చెప్పినట్టు ఇంటికి రిటార్ట్, దాంతోపాటు పాపకి నచ్చే రకం ఫ్రీజ్ డ్రై రెండు మూడు, ఇక్కడిదాకా ఒప్పుకుంటా. అసలు వద్దంటే మాత్రం ఒప్పుకోను.

నెల్లూరోడు_వేళచ్చేరి
రెండు మూడు అయితే నాకూ అభ్యంతరం లేదు. నీళ్లు మాత్రం ముందు. తాగడానికే మనిషికి రోజుకి మూడు లీటర్లు, నలుగురికి ఐదు రోజులు అంటే మూడు క్యాన్లు, వంటకి ఇంకో క్యాన్. తుపాను హెచ్చరిక వచ్చాక క్యాన్ దొరకదు, ముందే పెట్టుకోండి. ఇంకో మాట అక్కా, ట్రెక్కుకి కొన్న చిన్న గ్యాస్ స్టవ్వు వానకి కిటికీలన్నీ మూసేసి గదిలో వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. వంటగ్యాస్ సిలిండర్ ఉన్నంతవరకు వంటింట్లోనే, కిటికీ తెరిచి.

పెరంబూర్_పార్వతి
ఇంకొకటి, అన్నీ ఒకేసారి కొని దాచేయకు. నెలకోసారి పాత తేదీది ఇంట్లో తినేసి కొత్తది పెట్టు, అప్పుడు పాపకి ఆ రుచి అలవాటవుతుంది, వరద రోజున కొత్త తిండి అని మారాం చెయ్యదు.

మడిపాక్కం_సుధ
ఈ వారమే క్యాన్లు చెప్తా. రిటార్ట్‌లో పొంగల్, రాజ్మా ఒక్కోటి తెచ్చి వేడి చేయకుండా పెట్టి చూస్తా, ఏది తింటే అదే ఎక్కువ తెస్తా. మరి మే ట్రెక్కుకి ఇప్పుడే కొనాలా?

కొండదారి
వద్దు, ఏప్రిల్‌లో కొనండి, తాజా తేదీది దొరుకుతుంది. గ్యాస్ డబ్బా విమానంలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి దాన్ని డెహ్రాడూన్‌లో కొనుక్కోమనండి. ఖాళీ ప్యాకెట్లు కొండ మీద పారేయకుండా వెనక్కి తెచ్చేందుకు ఒక గట్టి సంచి కూడా సర్దండి.