మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా దగ్గర చనిపోయిన కూలి కుటుంబపు సిపాయి వివరాలు ఎలా వెతకాలి?

ప్రశ్న:

నమస్కారం. మా నాయనమ్మ మేనమామ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి బస్రా (నేటి ఇరాక్‌లో ఉంది) దగ్గర చనిపోయారని మా ఇంట్లో మొదటి నుంచీ చెప్పుకుంటున్నారు. వారిది నరసాపురం ప్రాంతంలో సెంటు భూమి కూడా లేని కుటుంబం. ఆయన తండ్రి ఒక రైతు ఇంట్లో పాలేరుగా ఉండేవారట. ఆయన గుర్తుగా మాకు మిగిలింది సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రని కంచు పలక ఒక్కటే. దాని మీద త్రిశూలం పట్టుకొని నిలబడిన ఒక స్త్రీ, ఆమె ముందు సింహం, ఆమె చాచిన చేతి కింద చిన్న చట్రంలో ఉబ్బెత్తు అక్షరాలతో ఆయన పేరు ఉన్నాయి. ఇంటిపేరు లేదు, హోదా లేదు, పటాలం పేరు లేదు. సింహం వెనుక కాలి దగ్గర మాత్రం ఒక చిన్న అంకె కనిపిస్తోంది. అది ఆయన సైనిక సంఖ్యేనా? గోదావరి జిల్లా పేరుతో ఇంటర్నెట్‌లో వెతికితే ఏమీ దొరకలేదు. ఊళ్లో పాత భూమి రికార్డుల్లోనూ ఆ కుటుంబం ఊసే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

మీ దగ్గర ఉన్నది యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన స్మారక పలక. ఇటువంటివి 13 లక్షలకు పైగా తయారుచేశారు. జనరల్ అయినా సిపాయి అయినా హోదా రాయకుండా పేరు మాత్రమే పోత పోయాలని అప్పట్లోనే నిర్ణయించారు కాబట్టి, పటాలం పేరు లేకపోవడం మీవారి విషయంలో జరిగిన లోపం కాదు. సింహం కాలి దగ్గరి అంకె తయారీలో వేసిన గుర్తు. దాన్ని సైనిక సంఖ్యగా భావించి వెతికితే దారి తప్పుతారు.

ఈ పలకతో పాటు హోదా, పేరు, పటాలం రాసిన ఒక స్మారక పత్రాన్ని కూడా పంపే పద్ధతి ఉండేది. బంధువుల ఇళ్లలో పటం కట్టించిన పాత కాగితం ఏదైనా ఉందేమో అడగండి. యుద్ధ పతకం ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే దాని ముఖం కంటే అంచు ముఖ్యం: సంఖ్య, హోదా, పేరు, దళం ఆ అంచు మీదే చెక్కి ఉంటాయి. ఆ పతకం సిపాయిలకు వెండిలో, కూలి దళాలవారికి కంచులో ఇచ్చారు. వెండి పతకాలను అవసరానికి కంసాలికి అమ్ముకున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి కనుక, దొరకకపోతే నిరాశపడకండి. పలకను మాత్రం చింతపండుతో తోమకండి, పేరు అరిగిపోతుంది.

రెండో సమాధానం:

మీరు వెతికిన జిల్లా పేరు దగ్గరే అసలు చిక్కు ఉంది. 1904లో జరిగిన మార్పుల తరువాత నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో గాని ఏర్పడలేదు. అంటే యుద్ధకాలపు కాగితాల్లో మీ ఊరు కృష్ణా జిల్లా, మద్రాసు అని ఉండాలి, అదీ ‘కిస్ట్నా’ అనే పాత ఇంగ్లీషు స్పెల్లింగులో. యుద్ధ మృతుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి వెబ్‌సైటులో మృతుల జాబితా ఉచితంగా చూడవచ్చు. అక్కడ భారత సైన్యం, మొదటి యుద్ధం అని ఎంచుకొని, ఒంటి పేరును ఇంటిపేరు గడిలోనే వేయండి. అదనపు సమాచారం అనే గడిలో ఊరి పేరును, తాలూకా పేరును రకరకాల స్పెల్లింగులతో ప్రయత్నించండి. ఎన్నో నమోదుల్లో ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా తాలూకా అని ఉంటుంది. 1914 ఆగస్టు నుంచి 1921 ఆగస్టు వరకు జరిగిన మరణాలు ఈ జాబితాలోకి వస్తాయి. యుద్ధం ముగిశాక అక్కడే జబ్బు చేసి పోయినవారిని కూడా అందులో వెతకవచ్చు.

బస్రా స్మారకం గురించి ఒక మాట చెప్పక తప్పదు. మెసపొటేమియాలో (నేటి ఇరాక్‌లో) చనిపోయి, సమాధి తెలియని 40,500 మందికి పైగా సైనికుల కోసం దాన్ని 1929లో ఆవిష్కరించారు. బ్రిటిష్ సిపాయిల పేర్లన్నీ రాతి మీద చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను పటాలాలవారీగా అంకెలతో సరిపెట్టారు. వారి పేర్లు రిజిస్టరు పుస్తకాల్లో ఉండిపోయాయి. అక్కడే అమారా పట్టణంలోని భారతీయ శ్మశానవాటికలో సుమారు 5,000 మంది ఉంటే, పేర్లు తెలిసినవారు వేళ్ల మీద లెక్కించేంత మందే. ఈ అసమానతను కమిషన్ తన 2021 నివేదికలో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. కాబట్టి ఫొటోల్లో ఆ గోడ మీద మీవారి పేరు కనిపించలేదని ఆయన అక్కడ లేరనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా కృతజ్ఞతలు. కృష్ణా జిల్లా అని మార్చి వెతికితే అదే పేరుతో ఇద్దరు కనిపించారు. ఇద్దరూ 1917లోనే మరణించారు, ఇద్దరూ బస్రా స్మారకం కిందే ఉన్నారు. ఒకరు మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యానికి వంతెనలు, దారులు వేసే దళం) లో పనిచేశారు, తండ్రి పేరు కూడా ఉంది; రెండోవారికి దళం, సంఖ్య తప్ప ఏమీ లేదు. ఆయన తండ్రి, అంటే మా నాయనమ్మ తాతగారి పేరు చెప్పగలిగినవారు ఇప్పుడు ఎవరూ లేరు. ఎవరు మావారో ఎలా తేల్చుకోవాలి?

మూడో సమాధానం:

అయ్యా, తొందరపడి మొదటి ఆయనే మీవారని రాసుకోకండి. తండ్రి పేరును వేరే ఆధారంతో సరిచూసుకోవాలి. రైత్వారీ రికార్డుల్లో పట్టాదారులు ఉంటారు గాని పాలేర్లు ఉండరు, అందుకే మీకు అక్కడ ఏమీ దొరకలేదు. మీ నాయనమ్మగారి తల్లి పుట్టింటివారు క్రైస్తవులైతే లూథరన్ మిషన్‌ వంటి సంఘాల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చూడండి. భూమి లేని కుటుంబాల తండ్రుల పేర్లు ఆ పుస్తకాల్లోనే ఎక్కువగా నిలిచాయి. కాకపోతే ఆ ఊరి పాత బడి ప్రవేశాల పుస్తకాన్ని, తహసీల్దారు కార్యాలయంలో మిగిలిన జనన మరణాల రిజిస్టర్లను అడగండి. ఆయనకు తమ్ముళ్లో చెల్లెళ్లో ఉంటే వారి నమోదులో ఉన్న తండ్రి పేరు కూడా సరిపోతుంది. మన వైపు మనవడికి తాత పేరు పెట్టడం మామూలే గనుక, ఆ ఇంట్లో తరువాతి తరాల మగపిల్లల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి; అది రుజువు కాకపోయినా ఎవరి వైపు మొగ్గాలో తెలుస్తుంది.

పంజాబ్ సిపాయిల గ్రామ రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దొరికి, సుమారు 3,20,000 మంది వివరాలు కంప్యూటరుకెక్కాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి అటువంటి సదుపాయం లేకపోవడం నిజంగా బాధాకరం. అయితే దళం తెలిస్తే లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న యుద్ధ దినచర్యల్లో (దళాలు రోజువారీగా రాసిన పుస్తకాల్లో) ఆ తేదీన ఆ కంపెనీ ఎక్కడ ఉందో, వంతెన కడుతోందో, కలరా క్యాంపులో ఉందో చదవవచ్చు. శాపర్ల చరిత్రకు ఆ దళపు నేటి రూపమైన, బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపు కేంద్రానికి ఉత్తరం రాయండి. సంఖ్య, మరణించిన తేదీ రెండూ తప్పకుండా పేర్కొనండి, ఒక్క పేరుతో వారు కూడా ఏమీ చేయలేరు. వెతకగా వెతకగా ఈ ఇద్దరిలో ఎవరూ మీవారు కాదని తేలితే, ఆధారాలతో కమిషన్‌కే రాయవచ్చు. జాబితాలో చేరకుండా పోయిన పేర్లను వారు పరిశీలించి చేరుస్తున్నారు. ఆ ఉత్తరానికి పలక రెండు వైపుల ఫొటోలు జతచేయండి.