కాటా గది స్విచ్ రూట్ అయి కూర్చుంది, ఎట్లా మార్చాలి?

ప్రశ్న, మిర్యాలగూడ నుంచి:
అన్నలూ, ఇక్కడ ఒక రైస్ మిల్లులో నెట్‌వర్క్ నేనే చూసుకుంటున్నా. ఆఫీసులో ఒక స్విచ్, గోదాములో ఒకటి, వేబ్రిడ్జి పక్కన కాటా గదిలో పాతది ఒకటి. ఆఫీసుకూ గోదాముకూ మధ్య గిగాబిట్ ఫైబర్ ఉంది, కాటా గది నుంచి ఆ రెండింటికీ 100 ఎంబీ కేబుళ్లు పోతాయి, అంటే మొత్తం రింగు. కాటా గదికి యూపీఎస్ లేదు. అక్కడ కరెంటు పోతే ఆఫీసులో బిల్లింగ్ కూడా అర నిమిషం ఆగుతుంది, కరెంటు వచ్చాక మళ్లీ ఇంకోసారి. వడ్ల సీజన్‌లో గేటు బయట లారీలు లైన్ కట్టినప్పుడు చాలా టెన్షన్. రింగులో డేటా చుట్టూ తిరగకుండా ఒక పోర్టును మూసేది స్పానింగ్-ట్రీ కదా, నిన్న ‘షో స్పానింగ్-ట్రీ’ కొడితే రూట్ (మిగతా స్విచ్‌లు దారులు లెక్క కట్టే ఆధార స్విచ్) ఆ పాత స్విచ్చే, పైగా గోదాములో ఫైబర్ పోర్టు బ్లాకింగ్‌లో, అంటే మూసి ఉంది. మూడింటిలోనూ వీలాన్ 10కి (స్విచ్‌లలో విడగొట్టిన ఒక నెట్‌వర్క్ భాగం) ప్రయారిటీ (తక్కువ ఉన్న స్విచ్చే రూట్) 32778, ఎవరూ ముట్టుకోలేదు.

జవాబు, నల్లగొండ నుంచి:
ముట్టుకోకపోవడమే కారణం తమ్ముడూ. ప్రయారిటీ సమానంగా ఉంటే చిన్న మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చే హార్డ్‌వేర్ నంబరు) ఉన్నది రూట్ అవుతుంది, చాలాసార్లు అది పాత స్విచ్చే. ఫైబర్ సంగతి లెక్క వేసి చూడు: రూట్‌కు చేరే దారికి వేసే కాస్ట్ తక్కువ ఉన్నదాన్నే స్విచ్ పట్టుకుంటుంది, 100 ఎంబీ కాస్ట్ 19, గిగాబిట్ 4. రూట్ కాటా గదిలో ఉంటే ఆఫీసుకు నేరుగా 19, గోదాము మీదుగా తిరిగితే 23. గోదాముకూ అదే లెక్క. రెండూ పాత కేబుళ్లనే పట్టుకుంటాయి, మంచి ఫైబర్ ఖాళీగా పడి ఉంటుంది. గోదాము కెమెరాల రికార్డర్ ఆఫీసులో ఉంటే ఆ వీడియో అంతా కాటా గది చుట్టూ తిరిగి వస్తున్నట్టే.

ఆఫీసు స్విచ్‌లో ‘స్పానింగ్-ట్రీ వీలాన్ 1,10 ప్రయారిటీ 4096’ ఇవ్వు, గోదాములో 8192. 4096 గుణిజాలే తీసుకుంటుంది, ఎందుకంటే ప్రయారిటీకి ఉన్న 16 బిట్లలో 12 వీలాన్ నంబరుకు పోతాయి, నీకు కనిపించిన 32778 కూడా 32768కి 10 కలిపిందే. లోడింగ్ ఆగాక రాత్రి చెయ్యి, మార్చేటప్పుడు ఒకసారి ఆగుతుంది.

జవాబు, మహబూబ్‌నగర్ నుంచి:
స్విచ్‌ను రూట్ చేసే ‘రూట్ ప్రైమరీ’ కమాండ్ సులువే కానీ నేను వద్దంటా. కొట్టిన క్షణంలో పరిస్థితి చూసి మామూలుగా 24576 రాసి ఊరుకుంటుంది, రేపు అంతకన్నా తక్కువ ప్రయారిటీ స్విచ్ ఎవరైనా తగిలిస్తే రూట్ అటు పోతుంది. ఆఫీసు స్విచ్ పోర్టుల మీద రూట్ గార్డ్ (అటు నుంచి ఇంకో రూట్ వస్తే పోర్టు మూసేది) పెట్టుకో. గోదాము నుంచి కాటా గదికి పోయే పోర్టు మీద మాత్రం పెట్టొద్దు! ఫైబర్ తెగిన రోజు గోదాముకు రూట్ దారి అటు నుంచే రావాలి, గార్డ్ ఉంటే ఆ పోర్టు మూసుకుంటుంది. ఒక కాలేజీలో నేను ఈ తప్పే చేశాను, హాస్టల్‌కు ఒక పూటంతా నెట్ లేదు. వీలైతే ‘ర్యాపిడ్-పీవీఎస్‌టీ’కి (దారి త్వరగా మార్చే స్పానింగ్-ట్రీ) మార్చు. కాటా కంప్యూటర్ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ (పోర్టు వెంటనే పనిచేయడానికి), బీపీడీయూ గార్డ్ (అక్కడ స్విచ్ తగిలిస్తే పోర్టు మూసేది) తప్పకుండా.

మళ్లీ మిర్యాలగూడ:
రాత్రి చేశాను అన్నా. ఆఫీసులో ‘దిస్ బ్రిడ్జ్ ఈజ్ ద రూట్’ అని వచ్చింది, ప్రయారిటీ 4106. ఫైబర్ రెండు వైపులా ఫార్వర్డింగ్, బ్లాక్ ఇప్పుడు కాటా గదిలో గోదాము వైపు పోర్టుకు పడింది. ఆఫీసు నుంచి గోదాముకు పింగ్ పెట్టి కాటా స్విచ్ ప్లగ్ పీకినా ఒక్కటీ తప్పలేదు. ఆ పాతదాంట్లో ర్యాపిడ్ మోడ్ లేదు, అట్లనే ఉంచొచ్చా?

నల్లగొండ:
ఉంచు. దాని వైపు పోర్టుల్లో మిగతా స్విచ్‌లు పాత 802.1డి (మామూలు స్పానింగ్-ట్రీ) పద్ధతిలోనే మాట్లాడతాయి, ఆలస్యం ఉన్నా ఆ గది వరకే. సెట్టింగులు సేవ్ చేసే ‘రైట్ మెమరీ’ కొట్టావా? లేకుంటే ఆఫీసు స్విచ్ రీస్టార్ట్ అయిన రోజు మళ్లీ 32778కే వస్తావు.