మందారం ఆకులు బంకగా ఉన్నాయి, మొగ్గలు రాలుతున్నాయి, ఏం చేయాలి?

బాల్కనీతోట:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. కుండీలో ఎర్ర ముద్దమందారం ఉంది, మా అత్తగారు కొమ్మ నాటి ఇచ్చిన నాలుగేళ్ళ మొక్క. పది రోజులుగా ఆకు ముట్టుకుంటే వేళ్ళకి బెల్లం పాకంలా అంటుకుంటోంది. గ్రిల్ మీద, కింద టైల్స్ మీద కూడా సన్నగా మెరిసే చుక్కలు, నడిస్తే చెప్పులు అతుక్కుంటున్నాయి. కింది ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా ఉంది. మొగ్గలు పసుపుపచ్చగా మారి విచ్చుకోకుండానే రాలిపోతున్నాయి. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను, బలం లేదేమోనని ఒక చెంచా యూరియా వేశాను, ఏం మారలేదు. రోజూ పూజకి నాలుగైదు పూలిచ్చే మొక్క అండీ, చాలా టెన్షన్‌గా ఉంది. ఇది తెగులా, పురుగా?

మిద్దెతోట_బెజవాడ:
పురుగేనమ్మా. ముందు యూరియా ఆపేయండి. దానితో లేత చిగుళ్ళు ఎక్కువ వస్తాయి, రసం పీల్చే పురుగులకి కావలసింది అవే. అవి తాగే రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి కావలసిన మిగతా పోషకాలు తక్కువ. అందుకే కడుపు పట్టనంత తాగి, మిగిలిన తీపిని చుక్కలుగా వదిలేస్తాయి. మీ టైల్స్ మీద ఉన్నది అదే. నల్ల మసి ఆ తీపి మీద పెరిగే బూజు, ఆకు లోపలికి దిగదు, కానీ ఎండ తగలనివ్వదు.

బంక ఎక్కడుందో అక్కడ వెతక్కండి, దానికి పైనున్న ఆకుల అడుగున, చిగుళ్ళలో వెతకండి. కొమ్మ కదిపితే తెల్లగా లేస్తే తెల్లదోమ. మొగ్గ తొడిమ చుట్టూ పచ్చగానో నల్లగానో గుంపుగా ఉంటే పేనుబంక. దూది అంటినట్టుంటే పిండినల్లి. కాండం మీద గోధుమరంగు బొడిపెలుండి గోటితో గీకితే ఊడివస్తే పొలుసు పురుగు. ఫోన్ టార్చ్ వేసి చూసి చెప్పండి.

పెరటిమొక్క:
ఒక మాట. మందారం ఆకు వెనక నడిమి ఈనె మీద, తొడిమ దగ్గర, సహజంగానే తేనె ఊరే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఒక్క చుక్క, ఒకటో రెండో చీమలు కనిపిస్తే అది జబ్బు కాదు. మీకు నేల మీద కూడా పడుతోందంటే మాత్రం పురుగే.

బాల్కనీతోట:
చూశానండీ. పైన మూడు కొమ్మల చిగుళ్ళు పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయాయి. ఒకటి విప్పితే మడతల నిండా తెల్ల దూది, అగ్గిపుల్లతో తీస్తే దాని కింద లేత గులాబీ రంగు పురుగులు, బియ్యపు నూకంత కూడా లేవు. గోడ పగులు నుంచి కాండం మీదుగా చీమల బారు కూడా ఉంది.

మిద్దెతోట_బెజవాడ:
పిండినల్లే, అందులో మందారాన్ని బాగా పట్టే గులాబీ రకం. దాని లాలాజలం వల్లే చిగురు అలా ముడుచుకుంటుంది, మళ్ళీ సరికాదు. ఆ చిగుళ్ళన్నీ ఒక జానెడు కిందికి కత్తిరించి, కవర్లో వేసి ముడి కట్టి పారేయండి. ఒక్కో దూది మూటలో వందల గుడ్లుంటాయి, కిందికి విసిరేయొద్దు.

తర్వాత పైపుతో ఆకుల అడుగు భాగం గట్టిగా కడగండి. మర్నాడు సాయంత్రం ఎండ దిగాక వేపనూనె కొట్టండి, లీటరు నీళ్ళకి 5 మి.లీ. ముందు నూనెలో కాస్త చిక్కటి కుంకుడు రసం వేసి బాగా గిలక్కొట్టాలి, పాలలా తెల్లగా అయ్యాకే నీళ్ళలో పోయాలి. సరిగ్గా కలవకపోతే నూనె పైన తేలి ఆకు మాడుతుంది. నాకు ఒకసారి అలాగే సగం ఆకులు రాలిపోయాయి, కాబట్టి ముందు ఒక కొమ్మకి కొట్టి రెండు రోజులు చూడండి. దూదిలోని గుడ్లకి మందు అంటదు, వారం అటూ ఇటూగా పొదుగుతాయి. అందుకని వారానికోసారి నాలుగు వారాలు తప్పకుండా కొట్టాలి. చాలామంది ఒక్కసారి కొట్టి పని చేయలేదంటారు.

గోదారిగట్టు:
చీమల సంగతి వదిలేస్తే ఎంత కొట్టినా మళ్ళీ వస్తుంది. ఆ తీపి కోసం అవి పిండినల్లికి కాపలా కాస్తాయి, దాన్ని తినే అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. గ్రిల్‌కి, గోడకి తగిలే కొమ్మలు తీసేసి, కుండీని నీళ్ళ పళ్ళెంలో ఇటుక ముక్కల మీద నిలబెట్టండి. దోమలు రాకుండా రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి. ఇంకోటి, పిండినల్లిలాగే తెల్లగా ఉండి, దానికంటే పెద్దగా, చకచకా నడిచేది కనిపిస్తే చంపకండి. అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల.

పెరటిమొక్క:
షాపులో మొక్క అంతటా పాకే మందు ఇస్తామంటే తీసుకోకండి. ఆ పూలు దేవుడికి పెడతాం, నూనెలో కాస్తాం, తేనెటీగలు, తేనెపిట్టలు వాలతాయి. పక్కన బెండ, జామ ఉంటే వాటికీ పిండినల్లి పట్టిందేమో చూడండి.

బాల్కనీతోట:
నాలుగు వారాలైంది. పదకొండు చిగుళ్ళు కత్తిరించాను, నాలుగుసార్లు కొట్టాను. కొత్త ఆకులు పొడిగా, విప్పారి వస్తున్నాయి, రెండు మొగ్గలు నిలిచాయి. మీరు చెప్పాక చూస్తే పక్క కుండీలో బెండ కాడ దగ్గర రెండు చోట్ల దూది కనిపించింది. దాన్ని దూరంగా జరిపాను, ఈ సాయంత్రం దానికీ కొడతాను.