టోర్నమెంట్‌లో పిల్లల వెనకాల పేరెంట్ నడవాలా వద్దా? బెంగళూరులో గోల్ఫ్ ఆడించేవాళ్ళు కాస్త చెప్పండి

సర్జాపూర్_నాన్న:
మా పాపకి 12. మూడేళ్ళుగా ఆడుతోంది, ప్రాక్టీస్‌లో 83, 84 వేస్తుంది (గోల్ఫ్‌లో షాట్లు ఎంత తక్కువైతే అంత మంచిది కదా), టోర్నమెంట్ అనేసరికి 95కి తగ్గదు. మొన్న ఆదివారం ముందు తొమ్మిది హోల్స్ 41 కొట్టింది, నేను లోపల్లోపల లెక్కలేసేసుకుంటున్నా. 11వ హోల్, పార్ 4, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సింది, రెండో షాట్ నీళ్ళలోకి పోయింది, పెనాల్టీ, తర్వాత రెండు షాట్లకి గుంట ఉండే గ్రీన్ ఎక్కింది, అక్కడ బాల్‌ని గుంటలోకి దొర్లించడానికి మూడు పట్లు. మొత్తం 8. అక్కణ్ణించి పిల్ల భుజాలు జారిపోయాయండి, నడకే మారిపోయింది, వెనక తొమ్మిది 54. కోచ్‌ని అడిగితే కిల్లర్ ఇన్‌స్టింక్ట్ లేదు సార్, మిస్సయిన ప్రతి పట్‌కి పది పుషప్స్ చేయిస్తా, ఆర్నెల్లు టైమివ్వండి అంటాడు. మా ఆవిడేమో ముందు నువ్వు కోర్సు మీదికి వెళ్ళడం మానెయ్, అన్నీ అవే సర్దుకుంటాయి అంటుంది. నాకు రెండూ మింగుడు పడట్లేదు.

బోగీరాజు:
కోచ్ చెప్పిందే కరెక్ట్ అన్నా. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అన్లేదు. గోల్ఫ్‌లో పక్కనోడు నీ బాల్ ఆపడు, నీ తల నువ్వే తినాలి, నాలుగ్గంటలు. ఆ ప్రెషర్ ఇప్పుడే అలవాటు చెయ్యకపోతే 16 ఏళ్ళకి ఎక్కడ నేర్చుకుంటుంది? ఇంట్లో గారాబం, కోర్సులో గారాబం, ఇంకా ట్రోఫీ కూడా కావాలంటే ఎట్లా.

మాజీ_జూనియర్:
నేను 17 దాకా జూనియర్ సర్క్యూట్ ఆడి ఇంజినీరింగ్‌లో పడ్డవాణ్ణి, నా సంగతి చెప్తా. మా నాన్న ప్రతి రౌండ్‌కీ ఫెయిర్‌వే పక్కన చెట్ల కింద నడిచేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు, దేవుడు. కానీ ఆయనకో టోపీ ఉండేది. టోపీ తీసి తల గోక్కున్నాడంటే బోగీ (పార్ కన్నా ఒక షాట్ ఎక్కువ), తీసి మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడంటే డబుల్ బోగీ, రెండు ఎక్కువ. నేను పట్ లైన్ చూసింది తక్కువ, ఆ టోపీ చూసింది ఎక్కువ. ఆయనకి ఈ విషయం ఇప్పటికీ తెలీదు. సర్ మీ పాప 11లో 8 వేశాక మొదట ఎటు చూసిందో గుర్తుందా?

వైట్‌ఫీల్డ్_అత్త:
ఇదేం వాదన బాబూ. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ రియోలో ఆడినప్పుడు బ్యాగ్ మోసింది వాళ్ళ నాన్న, టోక్యోలో మోసింది వాళ్ళ అమ్మ. ఒక్క స్ట్రోక్‌లో, అంటే ఒక్క షాట్ తేడాలో, కాంస్యం పోయి నాలుగోది వచ్చింది, ఒలింపిక్స్‌లో! అమ్మ పక్కనుండి చెడిపోయిందా? పన్నెండేళ్ళ పిల్లని ఒంటరిగా వదిలేసి క్లబ్‌హౌస్‌లో కాఫీ తాగడం నాకైతే నచ్చదు.

మాజీ_జూనియర్:
అత్తా, బ్యాగ్ మోసే క్యాడీకి పని ఉంటుంది. యార్డేజ్, అంటే దూరం, చెప్పాలి, ఇసుక బంకర్ చదును చెయ్యాలి, గాలి చూడాలి, ఎండలో నీళ్ళందించాలి. రూల్స్ ప్రకారం ప్లేయర్ సలహా అడగ్గలిగేది క్యాడీనే, బయట నిలబడ్డ నాన్నని ఏ క్లబ్ (గోల్ఫ్ కర్ర) తియ్యనూ అని అడిగిందంటే రెండు స్ట్రోకుల పెనాల్టీ. అంటే చూడ్డానికి వచ్చిన పేరెంట్‌కి మిగిలేది మొహం ఒక్కటే. చేతిలో పనిలేని మొహం చాలా డేంజర్.

బోగీరాజు:
అంటే తప్పంతా నాన్నల టోపీలదే, పిల్లల మైండ్‌ది ఏం లేదంటావ్. అదే అదితి 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడో రోజు 61 కొట్టి ఏడు స్ట్రోకుల లీడ్‌తో చివరి రౌండ్‌కి వెళ్ళి 77 వేసింది, గోల్డ్ కాస్తా సిల్వరయింది. దానికెవరి టోపీ కారణం?

అనంతపురం_చిన్నోడు:
నువ్వు చెప్పిందాన్లోనే జవాబుంది గదన్నా. అప్పటికే రెండు ఒలింపిక్స్ ఆడిన ప్రోకే ఏడు స్ట్రోకులు నిలవలేదు, అట్లాంటిది పన్నెండేండ్ల పాప ఒక 8 వేసి డల్ అయితే కిల్లర్ ఇన్‌స్టింక్ట్ లేదని ముద్రేస్తే ఎట్ల? రోరీ మెక్‌ల్రాయ్ అంతటి ప్లేయర్ 2011 మాస్టర్స్ టోర్నీలో నాలుగు స్ట్రోకుల లీడ్ పెట్టుకుని చివరి రోజు 80 వేసినాడు, రెండున్నర నెలలు తిరక్కుండానే యూఎస్ ఓపెన్ ఎనిమిది స్ట్రోకుల తేడాతో కొట్టినాడు. మధ్యలో ఎవురూ పుషప్స్ తీయించినట్ల లేదు. పుషప్స్ తీస్తే చేతులు వణుకుతాయ్, వణికే చేతుల్తో పట్ ఏం పడతాది సామీ. నేను డ్రైవింగ్ రేంజ్‌లో పిల్లోళ్ళతో చేయించేది ఒకటే, మూడడుగుల పట్ వరసగా 20 వెయ్యాల, 17 దగ్గర మిస్సయినా మళ్ళీ ఒకటి నుంచి. 15 దాటినాక వాళ్ళ ఊపిరి మారేది మనకి కనపడతాది. అదీ ప్రెషర్ అంటే. ఇంగొకటి, చెడ్డ షాట్ కొట్టినాక బ్యాగ్‌లో క్లబ్ పెట్టేదాంక తిట్టుకోమంటా, క్లబ్ లోపలికి పోయినాక నోరెత్తకూడదు.

బోగీరాజు:
మళ్ళీ ఒకటి నుంచి అంటే అదీ శిక్షే కదా తమ్ముడూ! పేరు మార్చావ్ అంతే.

అనంతపురం_చిన్నోడు:
శిక్షే అనుకో, కాకపోతే దాంట్లో పట్ వస్తాది.

వైట్‌ఫీల్డ్_అత్త:
ఆ ఇరవై పట్ల సంగతి బాగుంది, మా మనవడితో చేయిస్తా. పుషప్స్ నాకూ నచ్చలేదు లెండి. కానీ వెంట వెళ్ళొద్దంటే మాత్రం ఒప్పుకోను.

సర్జాపూర్_నాన్న:
అందరికీ థాంక్స్. మాజీ జూనియర్ గారూ మీ ప్రశ్న నన్ను రెండ్రోజులు నిద్రపోనివ్వలేదు. పాప నావైపే చూసింది. నేను ఏమీ అనలేదనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నా, కానీ ఆ టైమ్‌లో నేను ఫోన్ తీసి స్కోర్ టైప్ చేసుకుంటున్నా, పైగా తిరిగొచ్చేటప్పుడు హెబ్బాళ్ ఫ్లైఓవర్ మీద ఇరుక్కున్న నలభై నిమిషాలూ 11లో ఆ 5 వుడ్ క్లబ్ ఎందుకు తీశావ్ అనే అడిగా, మాటలు మార్చి మార్చి. పిల్ల కిటికీలోంచి బస్సుల నంబర్లు చదువుతూ కూర్చుంది. కోచ్‌కి పుషప్స్ వద్దని చెప్పేశా, మొహం మాడ్చుకున్నాడు. ఇంక నేను రావాలా వద్దా అన్నది పాపనే అడిగా, అసలు ముందే అడగాల్సింది. పూర్తిగా రావొద్దంటుందేమో అని భయపడుతూనే అడిగా. తొమ్మిదో హోల్ దగ్గరికి రా నాన్నా, ఇడ్లీ డబ్బా ఇచ్చేసి వెళ్ళిపో, పొడి వెయ్యి చట్నీ వద్దు కారిపోతుంది అంది.

బోగీరాజు:
డబ్బా ఇచ్చేటప్పుడు ఎంతమ్మా స్కోరు అని అడుగుతావ్ చూస్కో అన్నా.