అప్‌డేట్: మాఫట్ హాకీ స్టిక్ వయసు ఎలా తేల్చారో తెలిసింది

కెనడాలో గాటినోలోని కెనడియన్ మ్యూజియం ఆఫ్ హిస్టరీ 2015లో కొన్న మాఫట్ స్టిక్ అనే పాత హాకీ కర్ర 1830ల నాటిదని అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు, కార్బన్ డేటింగ్ (వస్తువులో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు లెక్కించే పద్ధతి) చేశారా అని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చెట్టు వలయాలు, అంటే కాండంలో ఏడాదికొకటి చొప్పున ఏర్పడే గీతలు, చూసి ఉంటారన్న వాళ్లదే కరెక్ట్. ఆ కర్ర షుగర్ మేపుల్ అనే చెట్టు కలప ఒకే ముక్క నుంచి చేత్తో చెక్కింది, అతుకుల్లేవు. కలప మీద పని చేసే ఒకాయన్ని అడిగితే విడమరిచి చెప్పారు: వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా వస్తుంది, ఆ వరసని అదే ప్రాంతంలో ఏళ్లు తెలిసిన చెట్లతో పోల్చి చూస్తారట. కాకపోతే చెక్కేటప్పుడు బయటి వలయాలు పోతాయి కాబట్టి చెట్టు ఫలానా ఏడుకి ముందు నరకలేదనే తేలుతుంది, అసలు ఎప్పుడు చేశారో అనేదానికి వేరే ఆధారం కావాలి. ఇక్కడ అది కర్ర మీదే ఉంది: బ్లేడ్‌లో చెక్కిన డబ్ల్యూ.ఎం. అనే అక్షరాలు, అంటే కెనడాలోని కేప్ బ్రెటన్ దీవికి చెందిన, దాని మొదటి యజమాని విలియం మాఫట్‌వి; ఆయన ఏ కాలం వాడో తెలుసు. రెండూ కలిపితేనే 1835-38 అన్న లెక్క కుదిరింది.

కార్బన్ డేటింగ్ గొడవ అనవసరం, 1650 తర్వాతి వస్తువులకి అది ఇంత దగ్గరగా చెప్పలేదు.