కారుతో వచ్చిన జాకీని నమ్మి టైరు మార్చొచ్చా?

గోదారిగట్టు:
పోయిన వారం హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే సూర్యాపేట దాటాక వెనక ఎడమ టైరు కూర్చుంది. నడిపేది నేనే. వెనక సీట్లో అత్తయ్యగారు, పాప. డిక్కీలోంచి కత్తెరలా తెరుచుకునే సిజర్ జాకీ, ఎల్ ఆకారం పానా తీసి మొదలెట్టాను. బండి సగం లేచాక జాకీ ఓ పక్కకి ఒరిగింది. గుండె ఆగినంత పనైంది. గబగబా దించేశాను. తర్వాత ఒక లారీ డ్రైవర్ గారు ఆగి సాయం చేస్తే బయటపడ్డాం. ఇంటికొచ్చాక మా తమ్ముడి క్లాసు: "కంపెనీ జాకీ లెక్కకి ఇచ్చేది అక్కా, కారెత్తడానికి కాదు. రెండు టన్నులు మోసే, నూనె ఒత్తిడితో లేపే హైడ్రాలిక్‌ది కొనుక్కో." మావారిది ఇంకో పాట: "అసలు నువ్వు దిగడమే తప్పు, ఎవరికైనా ఫోన్ చేయాల్సింది." నిజంగా అది అంత పనికిరాని వస్తువా?

డీజిల్‌బాబాయ్:
మీ తమ్ముడు చెప్పిందే రైటు తల్లీ. ఆ జాకీ అడుగు చూశారా? అరచెయ్యంత ఉంటుంది. దాని మీద కారుని నిలబెట్టడమంటే గరిట మీద బిందె నిలబెట్టడమే. తిప్పే కడ్డీ ఏమో ప్రతి చుట్టుకీ నేలకి తగిలి వేళ్ళు చెక్కుకుపోతాయి. నేను ఇరవై ఏళ్ళుగా బాటిల్ జాకీ, అదే సీసాలా ఉండే హైడ్రాలిక్‌ది, పెట్టుకు తిరుగుతున్నా, దానికి ఎదురులేదు.

పాత800:
బాబాయ్, మీ బండి ఏంటో ముందు చెప్పండి. ఆవిడది హ్యాచ్‌బ్యాక్ అయితే బాటిల్ జాకీ అసలు కిందకి దూరదు. ముడిచి పెట్టినా దాని ఎత్తు 18, 20 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్న కార్లకి నేల నుంచి ఎత్తు 16, 17 సెంటీమీటర్లే. టైరు కూర్చుంటే అదీ తగ్గుతుంది. ఒకవేళ దూరినా, దాని గుండ్రటి తల మీద కారు కింది రేకు అంచు ఆనితే ఆ అంచు వంగిపోతుంది. కంపెనీ జాకీ తలకి ఆ అంచు కూర్చునే గాడి ఉండేది అందుకే.

ఇక బరువు సంగతి. చిన్న కారు మొత్తం కలిపి టన్ను లోపే. ఒక మూల లేపితే జాకీ మీద పడేది అందులో మూడో వంతుకి అటూ ఇటూ. జాకీ మీద ఎంత మోస్తుందో ముద్ర ఉంటుంది, చూసుకోండి. పైగా అది మర (స్క్రూ) జాకీ. మనం తిప్పితే తప్ప దిగదు. హైడ్రాలిక్‌ది సీలు పాడైతే మన కళ్ళ ముందే మెల్లగా దిగిపోతుంది.

డీజిల్‌బాబాయ్:
నాది బొలెరో. దాని కింద మా మనవడు దూరి ఆడుకుంటాడు. సరే, ఎత్తు విషయంలో ఒప్పుకున్నా. మరి ఒరిగిందెందుకో చెప్పండి, అంత మంచి జాకీ అయితే.

పెట్రోలుబంకుపక్క:
నాకు షెడ్డు ఉంది, రోజూ ఇదే పని. అక్కా, జాకీ ఒరగలే, మీ కారు కదిలింది. జాకీ నేలను పట్టుకొని ఉంటది, పైన బండి రెండు అంగుళాలు జరిగితే జాకీ ఒరగక ఏం జేస్తది? నాలుగు ముచ్చట్లు అడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పుర్రి. గేర్‌ల పెట్టిన్రా? చక్రానికి రాయి అడ్డం పెట్టిన్రా? జాకీ కింద మట్టా, తారా? నట్లు లేపకముందు వదులు జేసిన్రా, లేపినంక జేసిన్రా?

గోదారిగట్టు:
న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేశాను. రాయి పెట్టలేదు. రోడ్డు పక్క ఎర్రమట్టి. నట్లు లేపాకే మొదలెట్టాను, అవి రాక పానా మీద కాలేసి తొక్కాను. అత్తయ్యగారు, పాప బండిలోనే ఉన్నారు. (నాలుగు ప్రశ్నలకి నాలుగూ తప్పే రాశాను, అయిదోది మీరు అడక్కపోయినా చెప్పాను.)

పెట్రోలుబంకుపక్క:
నవ్వొస్తుంది గని నవ్వను అక్కా. హ్యాండ్ బ్రేక్ మస్తు కార్లల్ల వెనక చక్రాలకే ఉంటది. వెనకదొకటి గాల్లకు లేపితే ఇగ బండిని పట్టి ఉంచేది ఒక్క చక్రమే. న్యూట్రల్‌ల ఉన్నది కాబట్టి ముందు రెండు ఖుల్లా. పైకెల్లి మీరు పానా తొక్కితే ఊగదా? గేర్‌ల పెట్టి ఉంటే ముందు చక్రాలు కొంత ఆపేటివి.

ఇంకోటి చానామందికి ఎరుక లేదు. ముందు చక్రాలు లాగే బండిల ముందు చక్రం లేపితే గేర్ పట్టు పోతది. నడుమ డిఫరెన్షియల్ ఉంటది గద, గాల్లున్న చక్రం ఒక దిక్కు తిరిగితే నేల మీదిది ఇంకో దిక్కు తిరుగుతది. ఆటోమేటిక్‌ల పీ (పార్క్) ల పెట్టినా అదే కథ. అప్పుడు హ్యాండ్ బ్రేకే దిక్కు. అందుకే ఏ చక్రం లేపినా దానికి ఎదురు మూలకున్న చక్రానికి ముందొక రాయి, వెనకొక రాయి. మట్టి అయితే జాకీ కింద చెక్క ముక్క. ఇటుక పెట్టకుర్రి, పగుల్తది. నట్లు చక్రం నేల మీద ఉన్నప్పుడే సగం చుట్టు వదులు జేయాలె. తీసిన టైరును బండి కింద అడ్డంగ పడుకోబెట్టుర్రి, జాకీ జారినా బండి దాని మీద పడతది, మీ కాలు మీద కాదు.

ఎన్‌హెచ్65:
అందరూ జాకీ దగ్గరే ఆగిపోయారు. మేడమ్‌ది ఎడమ టైరు కాబట్టి సరిపోయింది. అదే కుడివైపుది అయ్యుంటే? గంటకి 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ఆ వేగంతో లారీలు వీపు రాసుకుంటూ పోతుంటే మీరు కూర్చుని నట్లు విప్పుతారా? నా వరకైతే రిమ్ము పోయినా సరే, మెల్లగా బంకు దాకానో డాబా దాకానో పోనిస్తాను. ట్యూబ్‌లెస్ అయితే చిన్న గాలి పంపుతో గాలి కొట్టుకుని పంచర్ షాపు దాకా వెళ్ళొచ్చు. ఏదీ కుదరకపోతే త్రికోణం బోర్డు బాగా వెనక పెట్టి, మనుషుల్ని దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టి, జాతీయ రహదారుల సాయం నంబరు 1033కి ఫోన్ చేయాలి. ఈ విషయంలో మీవారితోనే నా ఓటు.

పాత800:
మీరు చెప్పింది హైవేకి సరే. ఊళ్ళో పొలాల మధ్య రోడ్డు మీద, చీకట్లో, సిగ్నల్ లేనప్పుడు? బీమా వాళ్ళ సాయం కోసం నేనొకసారి ఫోన్ చేసి గంటన్నర దోమలకి రక్తదానం చేశాను. వచ్చిన కుర్రాడు నా డిక్కీ తెరిపించి, నా జాకీతోనే మార్చి వెళ్ళాడు!

స్టెప్నీసూరి:
ఈ తగవు మన పిల్లలకి ఉండదు లెండి. ఒకప్పుడు కార్లు అదనపు చక్రం లేకుండానే వచ్చేవి. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ ఊళ్ళో, స్టెప్నీ వీధిలో దాన్ని తయారుచేశారు. ఆ వీధి పేరే మన నోట్లో స్టెప్నీగా మిగిలింది. ఇప్పుడు చక్రం మళ్ళీ మొదటికొచ్చింది. టైరు గాలి చూసే సెన్సర్లు, పంచర్ కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో మన కేంద్రం రూలు మార్చింది. స్టెప్నీ లేని కారులో జాకీ ఎందుకు? టైరు పక్క గోడ చీలితే ఆ కిట్టు ఏం చేస్తుందో మాత్రం నన్నడక్కండి.

డీజిల్‌బాబాయ్:
అందుకే పాత బండి అమ్మను.

గోదారిగట్టు:
ఈ రోజు అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒకసారి చేసి చూశాను. వాచ్‌మన్ గారు రాళ్ళు తెచ్చిచ్చారు. జాకీ కదల్లేదు, చెక్క ముక్క కూడా అక్కర్లేకపోయింది. కానీ అసలు గండం వేరే చోట ఉంది. అయిదు నట్లలో రెండు ఏం చేసినా రావట్లేదు. ఆ ఎల్ పానా వంగేలా ఉంది.

పెట్రోలుబంకుపక్క:
కొత్త టైర్లు ఏసినకాడ నట్లు బిగించే మిషన్ గన్‌తోని గట్టిగ బిగించి ఉంటరు. దగ్గరున్న షెడ్డుకు పోయి వదులు జేయించి, మీ ముంగటనే చేతి పానాతోని మళ్ళ బిగించమనుర్రి, వరసల కాదు, ఎదురెదురు నట్లు. ఓ 50 కిలోమీటర్లు తిరిగినంక ఇంకోసారి చూసుకోవాలె. ఆ ఎల్ పానా పక్కకు పెట్టి ప్లస్ పానా కొనుర్రి, రెండు చేతులు పడతయి. జాకీ ఉన్నదే చాలు, మరకు జర గ్రీజు పెట్టుర్రి.

డీజిల్‌బాబాయ్:
గ్రీజు మాట బాగుంది. వేళ్ళు చెక్కుకుపోయే సంగతి ఎవరూ తేల్చలేదు.

గోదారిగట్టు:
ఇవాళ నావీ చెక్కుకుపోయాయి బాబాయ్ గారూ. కొనాల్సినవాటి చీటీలో చేతి గ్లౌజులు కూడా రాశాను.