కామెర్లకి ముందు పసరా, స్కానింగా?

నాగావళి గట్టు:
రాజాం దగ్గర మా మేనల్లుడు, 14 ఏళ్లు. కళ్లు పచ్చబడి వారం కావస్తోంది. పెద్దవాళ్లు పసరు పోయించి ఉప్పులేని పథ్యం పెడదామంటున్నారు. కుడి డొక్కలో నొప్పి మెలిపెట్టేస్తోంది, ఒళ్లంతా దురద. మొన్న వాంతిలో ఏలికపాము పడింది. దానికీ కామెర్లకీ సంబంధం ఉంటుందా?

బొబ్బిలి బాబాయ్:
కామెర్లకి స్కానింగేటి బాబూ! మా ఈధిలో పసరు తాగినోలందరికీ తగ్గిపోనాది. ఆస్పత్రోల్లే దీనికి మందు నేదంతారు కదా.

టెస్ట్‌ట్యూబ్:
ల్యాబులో పనిచేస్తాను. బాబాయ్ గారూ, మందు లేదన్నది హెపటైటిస్ ఎ, ఇ అనే వైరస్ కామెర్ల గురించి. పాడునీళ్లతో వచ్చే ఆ రెండూ చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి దక్కుతుంది. ఈ అబ్బాయి సంగతి వేరేలా ఉంది. ఏలికపాము పేగులోంచి పిత్తనాళంలోకి, అంటే కాలేయం నుంచి పేగుకి పైత్యం దించే గొట్టంలోకి, దూరితే పైత్యం కిందికి దిగదు, కామెర్లు తేలతాయి. మలం సుద్దరంగుకి తిరిగిందేమో చూడండి. రక్తపరీక్ష చేయిస్తే, వైరస్ కామెర్లలో సాధారణంగా ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) బాగా ఎగబాకుతుంది. నాళం మూసుకుంటే డైరెక్ట్ బిలిరుబిన్ (పైత్యంలోని పచ్చరంగు పదార్థం), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ పెరుగుతాయి. స్కానింగులో పాము సన్నటి గొట్టంలా కనిపిస్తుంది. బతికుంటే కదలడం కూడా చూడొచ్చు.

కోట బురుజు:
ఆ మాత్రానికి స్కానింగెందుకు? ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిపిల్లలకి నులిపురుగులకని ఇచ్చే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. బిళ్ల ఒకటి వేసేస్తే పోలే!

టెస్ట్‌ట్యూబ్:
ఆ బిళ్ల పేగులో ఉన్నదాన్నే పడగొడుతుంది. నాళంలోకి మందు పెద్దగా చేరదు. అందుకే డాక్టర్లు ముందు నోటికేమీ ఇవ్వకుండా సెలైన్, నొప్పి మందులతో కనిపెట్టి చూస్తారు. చాలాసార్లు పాము తనే వెనక్కి పేగులోకి వచ్చేస్తుంది, అప్పుడు బిళ్ల పనిచేస్తుంది. లోపలే చచ్చి ఉండిపోతే ఈఆర్‌సీపీ అని నోట్లోంచి గొట్టం దింపి తీయాలి. పైగా లోపలున్నది పామేనని ఎవరు చూశారు? పిత్తాశయం రాయి జారినా ఇంతే. కుక్కల నుంచి వచ్చే బద్దెపురుగు వల్ల కాలేయంలో పెరిగే హైడాటిడ్ తిత్తి నాళంలోకి పగిలినా ఇంతే, దానికి ఆల్బెండజోల్ వారాల తరబడి వాడాలి, ఆపరేషన్ కూడా పడొచ్చు. చలిజ్వరం మొదలైతే మాత్రం ఒక్క పూట ఆగొద్దు, నాళంలో చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. సీతంపేట ఏజెన్సీ వైపు తిరిగొచ్చి ఉంటే మలేరియా పరీక్షా చేయించండి.

బొబ్బిలి బాబాయ్:
సరే, ఆకుపసరుతో అపకారమేటి?

కోట బురుజు:
ఏ ఆకో చెప్పరు కదా బాబాయ్. చెప్తే మందు పారదంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు చూస్తూ కూడా, పేరు తెలియని రసం పిల్లాడి నోట్లో పోస్తామా?

నాగావళి గట్టు:
మలం సుద్దరంగే. ఇప్పుడే చలి పుట్టింది కూడా. ఆటో మాట్లాడాను, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం.

బొబ్బిలి బాబాయ్:
బేగి ఎల్లండి. ఈ గుంటడికి స్కానింగు కాదన్ను. మామూలు కామెర్లకి మాత్రం నా మాట నాదే.